పక్క సాలు మనిషి

మోస్రా ఊరికి పోయే దారిలోని చేనులో కాశయ్య మేస్త్రీ జట్టు చెరుకు కొడుతుండగా, ఒక కొత్త మనిషి గట్టు దిగి వచ్చాడు.

ఇరవై ఏళ్లుంటాయి. వెలిసిన నీలం చొక్కా, చేతిలో కత్తి, జేబులో చిన్న నోటుబుక్కు.

"పని దొరుకుతదా అన్నా? నా పేరు ఆత్మారాం. నవీపేట్ దిక్కు."

"ఎప్పుడన్న కొట్టినవా?"

"నాలుగేండ్ల సంది కొడ్తున్న."

"అయితే గా సిద్దిరాములు పక్క సాలు పట్టు."

సిద్దిరాములు బోధన్‌లో ఇంటర్ రెండో సంవత్సరం. చెరుకు కాలం వచ్చిందంటే మూడు నెలలు కాలేజీ మొఖం చూడడు. జట్టులో అలాంటి పిల్లలు ఇంకా ఐదుగురున్నారు. పుస్తకం పట్టినా, కత్తి పట్టినా వాళ్లలో మొదటివాడు సిద్దిరాములే.

పొద్దెక్కేసరికి ఆత్మారాం అతన్ని దాటిపోయాడు.

వెనక మోపులు కడుతున్న సిద్దిరాములు తల్లి ఈరవ్వ నడుం ఎత్తి చూసింది.

"గా పిలగాన్ని సూడురా. గడను నేల మట్టానికి కొడ్తుండు. నువ్వేమో జానెడు మోడు ఇడుస్తున్నవ్. తీపంత గాడనే ఉంటది."

సిద్దిరాములు ఇంకా వంగి కొట్టాడు. కత్తి దెబ్బ ఒకటి తప్పి రాయికి తగిలింది.

మధ్యాహ్నం ఈరవ్వ తన రొట్టెలో సగం విరిచి ఆత్మారాం చేతిలో పెట్టింది.

"తిను బిడ్డా. మిరం గిట్ల కావాల్నా?" అంది కారం పొట్లం విప్పుతూ.

"సాలు అవ్వా."

తను తల్లిని పిలిచే ఆ 'అవ్వా' అన్న పిలుపు వినగానే సిద్దిరాములు తినడం ఆపి లేచాడు.

మూడో రోజు ఆ ఐదుగురిలో ఒకడైన లింగం లెక్కల పుస్తకం తెరిచాడు. రెండు రోజులుగా సిద్దిరాములుకు కూడా కొరుకుడుపడని లెక్క అది. ఆత్మారాం పుల్లతో నేల మీద గీశాడు.

"గిక్కడ గుర్తు మారుతది తమ్మీ. అయిపాయె."

పిల్లలంతా అతని చుట్టూ మూగారు. సిద్దిరాములు దూరం నుంచే చూశాడు. లెక్క సరిగ్గానే వచ్చింది. అందుకే మరీ మండింది.

ఆ రోజు నుంచి అతను విడిగా కూర్చొని తినసాగాడు.

మరునాడు లింగం పరుగెత్తుకొచ్చాడు.

"ఆత్మారామన్న మా అందరి పేర్లు రాసుకొని సంతకాలు తీసుకున్నడు. నువ్వు సుత చెయ్‌రా."

"ఎందుకంట?"

"చెప్తలేడు. ముందే చెప్తే ఆశ పడ్తరంటుండు. మన మంచికేనట."

"నీ మంచి నువ్వు సూస్కో."

సాయంత్రం దాకా కూడా ఆగలేకపోయాడు. నీళ్లు తాగే నెపంతో మేస్త్రీ దగ్గరికి వెళ్లాడు.

"కాశన్నా, గా కొత్తోడు మన పోరగాళ్లతోని సంతకాలు పెట్టిచ్చుకుంటుండు. వేరే జట్టు కడ్తడట."

ఆ చివరి మాట ఎవరూ అనలేదు. సిద్దిరాములు తనే కలిపాడు.

కాశయ్యకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అందరి ముందే అడిగాడు.

"వేరే జట్టు కడ్తున్నవారా?"

"లేదన్నా."

"మరి సంతకాలెందుకు?"

ఆత్మారాం పిల్లల వైపు చూశాడు. కాలేజీ మాటెత్తితే, సగంలో పని వదిలిపోతారని మేస్త్రీ వాళ్లను రేపటి నుంచి పనికే రానివ్వడని అతనికి తెలుసు. నోటుబుక్కు ఉన్న జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఎల్లు. మల్ల గీ చేన్ల కనపడకు."

ఆత్మారాం కత్తి తుడుచుకున్నాడు. వెళ్తూ వెళ్తూ సిద్దిరాములు సాలు దగ్గర ఆగాడు.

"తమ్మీ, నువ్వొక్కనివే మిగిలినవ్. ఒక్క సంతకం చెయ్యి, పోత."

"నీ కాయిదం మీద నేనెందుకు చేస్త?"

"నీకే పనికొస్తది."

"నాకేం అక్కర లేదు."

ఆత్మారాం నోటుబుక్కు మూశాడు. తర్వాత పెన్ను జేబులో పెట్టుకొని గట్టెక్కి వెళ్లిపోయాడు.

"తిని పోయినా బాగుండు," అంది ఈరవ్వ.

ఆ పూట సిద్దిరాములు కత్తి బాగా ఆడింది. ముందు ఎవరూ లేరు.

ఫిబ్రవరి చివర్లో ఆరుగురూ హాల్ టికెట్ల కోసం కాలేజీకి వెళ్లారు. ఐదుగురికి ఇచ్చి, గుమాస్తా మార్కండేయ కిటికీలోంచి తల ఊపాడు.

"సిద్దిరాములు, నీకు రాలె. హాజరు తక్కువ."

"వీళ్లకు మాత్రం ఉన్నదా సార్? మేమంత ఒక్క జట్టే!"

లింగం చేతిలో హాల్ టికెట్ చూస్తుంటే సిద్దిరాములుకు కళ్లు మండుతున్నాయి. క్లాసులో ఎప్పుడూ తన వెనకే ఉండేవాడు లింగం.

మార్కండేయ ఒక ఫైలు తెచ్చి కిటికీలో పెట్టాడు.

"ఒక పిలగాడు నెల దినాలు చేను చేను తిరిగి, పనికి పోయిన పోరగాళ్ల సంతకాలు తెచ్చిండు. ప్రిన్సిపాల్ సారు బోర్డుకు రాసి వాళ్లకు హాజరు మాఫీ తెప్పిచ్చిండు. ముప్పై ఒక్కమంది. గిండ్ల నువ్వు లేవు."

"ఇప్పుడు చేస్త సార్, సంతకం."

"గడువు దాటింది బిడ్డా. వచ్చే యేడు సూద్దాం."

సిద్దిరాములు పేర్ల మీద వేలు పెట్టి కిందిదాకా వచ్చాడు. ఆత్మారాం పేరు కోసం మళ్లీ పైనుంచి చూశాడు. చివరి పేరు దగ్గర వేలు ఆగింది. అంత బాధలోనూ మనసులో ఒక మూల చల్లబడింది.

"ఆత్మారాం పేరు సుత లేదు కద సార్. తెచ్చినోనికే రాలేదా?"

మార్కండేయ ఫైలు దగ్గరికి లాక్కున్నాడు.

"వాని పేరెట్లుంటది? రెండేండ్ల కింద గీ కాలేజీకి ఫస్టొస్తడనుకున్న పిలగాడు, గిట్లనే చెరుకు పనికి పోతే హాజరు సాలలేదని పరీక్షకు కూసోనియ్యలె, సదువు గాడికే ఇడిసిపెట్టిండు," అన్నాడు, ఫైలు మూస్తూ.