కునుకు తీసేసిన కథ

తాతగారు కుందేలును పరుగులో ఓడించిన కథను తాబేళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నాయి. దారిలో కుందేలు కునుకు తీసిన సంగతి చెబితే తాతగారి పరువేమవుతుందని, ఆ ముక్కను పెద్దలెవరో కథలోంచి తీసేశారు.

అది విని పెరిగిన మనవడు, ఇంటిల్లిపాదీ తినే దోసపాదును పందెం కాసి కుందేలు మామను పరుగుకు పిలిచాడు.

"రాత్రి కంటినిండా నిద్రపోయి వచ్చాను అల్లుడూ. ఇంకోసారి ఆలోచించుకో," అన్నాడు కుందేలు మామ.

"పరుగుకీ నిద్రకీ ఏం సంబంధం మామా?" అన్నాడు మనవడు.

మనవడు నాలుగు అడుగులు వేసేసరికి దోసపాదు కుందేలు మామ పాలైంది.

మనవడు ఇంటికొచ్చి, పాదు ఏమైందని అడిగిన పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని జరిగింది జరిగినట్టే చెప్పాడు. కుందేలుకు రెక్కలు మాత్రం తనే పెట్టాడు.