కీబోర్డులో పిలుపు

ఆసిమ్ పాత కీబోర్డు మీద ఒక మీట నొక్కాడు.

“లేవండో...” అంది కీబోర్డు.

పక్క మీట నొక్కితే అదే పిలుపు చిన్నపిల్ల గొంతుతో వచ్చింది. చివరి మీటకైతే దయ్యం ఆవలించినట్టు సాగింది. ఎక్కడో విన్న గొంతులా ఉందనుకుంటూనే ఆసిమ్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

గవర్నర్‌పేటలో పాతసామాన్ల కొట్లో దొరికిందది. దానికో చిన్న మైకుంది. అందులో ఏం మాట్లాడితే దాన్నే రాగాలు తీస్తుంది. పాత ఓనరెవరో సరదాగా రికార్డు చేసినట్టున్నారు.

పాత బొమ్మలు విప్పి, లోపల వైర్లు అడ్డదిడ్డంగా కలిపి, కంపెనీవాడు కలలో కూడా అనుకోని కూతలు కూయించడం ఆసిమ్‌కి కొత్త పిచ్చి. నెట్ సెంటర్లో చూసి నేర్చుకుంటున్నాడు. ఇప్పటికే ఒక రేడియో, ఒక మాట్లాడే బొమ్మ అతని చేతిలో మాడి చచ్చాయి. ఇదైనా బతకాలని అతని ఆశ.

స్క్రూడ్రైవర్ అందుకునేసరికి గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారు. మెడకు మఫ్లర్ చుట్టుకున్న ముసలాయన.

“ఎవరు కావాలి చాచా?”

ఆయన మాట్లాడలేదు. కీబోర్డు వైపు చూపించి, మీట నొక్కమన్నట్టు వేలు ఆడించాడు.

“లేవండో...”

ముసలాయన కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత రెండు చేతులూ చాపాడు.

“ఇవ్వను చాచా. దొరక్క దొరక్క దొరికింది.”

ముసలాయన పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.

“చెప్పేదేదో నోరు తెరిచి చెప్పండి మరి.”

ఆసిమ్‌కి విసుగొచ్చింది. కీబోర్డు బోర్లించి బ్యాటరీల మూత తీశాడు. ముసలాయన గబుక్కున అతని చెయ్యి పట్టుకుని, వద్దు వద్దని తల ఊపాడు.

“షాకేం కొట్టదు చాచా. సోల్డరింగ్ పెట్టేముందు బ్యాటరీలు తియ్యాలి. లేకపోతే ఇదీ మాడిపోద్ది.”

చెయ్యి విడిపించుకుని బ్యాటరీలన్నీ కింద గుమ్మరించాడు. నేర్చుకున్న పాఠాన్ని అతను తుచ తప్పకుండా పాటించడం అదే మొదటిసారి.

ముసలాయన గుమ్మంలోనే కూలబడ్డాడు. కాసేపటికి లేచి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆయన కూతురు మెహరాజ్ వచ్చింది. ఆయన మాత్రం వీధి మలుపులోనే ఆగిపోయాడు.

“తమ్ముడూ, మేము ఆస్పత్రిలో ఉన్నప్పుడు మా వాళ్లు తెలియక ఆ కీబోర్డు అమ్మేశారు. నువ్వు కొన్నావని కొట్టువాడు చెప్పాడు. ఒక్కసారి మోగించవా?”

ఆసిమ్ బ్యాటరీలు వేసి మీట నొక్కాడు. పీ మంది. అన్ని మీటలూ నొక్కి చూశాడు. అన్నీ పీ మన్నాయి.

“పొద్దున్నే మోగింది అక్కా. లోపలే ఎక్కడో ఉంటుంది.”

“ఉండదు తమ్ముడూ. బ్యాటరీలు తీస్తే చెరిగిపోద్దని మా అబ్బాయి ముందే చెప్పాడు. అందుకే నాన్న నీ చెయ్యి పట్టుకున్నాడు.”



“అది చాచా గొంతా? దాందేముంది అక్కా, మళ్లీ రికార్డు చేద్దాం. చాచాని పిలవండి.”

మెహరాజ్ తల అడ్డంగా ఊపింది.

“క్యాన్సరని గొంతు తీసేశారు.”

మలుపు దగ్గర ముసలాయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

“ఇన్నేళ్లూ రంజాన్ నెలలో తెల్లారకముందే మీ వీధినంతా ఉపవాసానికి ముందు తినే సహరీకి లేపిన ఫకీరు మా నాన్నే తమ్ముడూ,” అంది మెహరాజ్, “గొంతు పోయినా, ఈ ఏడు దీన్ని మెడలో వేసుకుని మీట నొక్కుకుంటూ తిరగాలనుకున్నాడు.”