చప్పుడు లేని బండి

రోడ్డు మూలమీద, పొడుగాటి గోడ పక్కన నిలబడి ముసలావిడ చెయ్యెత్తింది. నర్సు బ్రేకు తొక్కింది.

"పల్లం దిగాక పచ్చగేటు దగ్గర దింపు తల్లీ" అంటూ ఆవిడ ముందు తలుపు తీసి, సొంత ఇంట్లోకి వచ్చినంత ధీమాగా కూర్చుంది. కళ్ళకి నల్లద్దాలు.

నర్సు లోపల్లోపలే విసుక్కుంది. అసలే లెక్క కుదరక తల పట్టుకుని ఉంది.

ఇళ్ళకు వెళ్ళి ఇంజెక్షన్లు వేయడం, కట్లు మార్చడం ఆమె పని. స్కూటరు మీద తిరిగి తిరిగి నడుం పోయాక తలుపు మీద సొట్ట ఉన్న పాత కరెంటు కారు ఒకటి కొంది. పెట్రోలు ఖర్చులో నాలుగో వంతు కూడా కాదన్నాడు అమ్మినవాడు. తీరా కొన్నాక ఛార్జింగు మంచినీళ్ళలా అయిపోతోంది. మధ్యాహ్నానికే ఎక్కడో ఆగి, రెట్టింపు ధర ఇచ్చి ఎక్కించుకోవాల్సి వస్తోంది. బరువు బండి, టైర్లూ అరిగిపోతున్నాయి.

"అసలు కంటే కొసరెక్కువైంది. నెలాఖరుకి లెక్క తేలకపోతే అమ్మేద్దాం" అన్నాడు భర్త.

అమ్మేస్తే మళ్ళీ స్కూటరే. దూరపు ఇళ్ళు వదులుకోవాలి. వాటితోపాటు సగం రాబడీ పోతుంది.

పల్లం మొదలవుతుండగా ముసలావిడ అంది. "ఇప్పుడు కాలు తియ్యి."

"ఏమిటండీ?"

"తొక్కకమ్మా. దానంతటదే దిగుతుంది. దిగేటప్పుడు తిన్న కరెంటులో కొంత తిరిగిస్తుంది."

నర్సు కాలు తీసింది. మీటరు ఖర్చు చూపించడం మానేసి జమ చూపించింది.

"మీకెలా తెలుసు? ఇంతకీ ఎవరమ్మా మీరు?"

"కావలసినదాన్నే."

"ఎవరికి?"

 ముసలావిడ నవ్వి, ముందున్న డాష్‌బోర్డుని పసిపిల్ల వీపు నిమిరినట్టు నిమిరింది.

అది మొదలు రోజూ అదే మూల, అదే పొడుగాటి గోడ. గోడ మీద ఒక చెయ్యి, గాల్లో ఒక చెయ్యి.

"ఆగాల్సిన చోటు ఇంకా దూరముండగానే కాలు తియ్యి. చివర్లో బ్రేకు తొక్కితే ఆ కరెంటంతా గంగపాలే."

"ఛార్జింగు ఎనభై శాతం దాటి ఎక్కించకు. పీకలదాకా తింటే దానికీ అరగదు."

"వెనక ఎడమ చక్రంలో గాలి తగ్గింది."

మెకానిక్కు చూశాడు. నిజంగానే తగ్గింది.

"ముందు సీట్లో కూర్చుని ఎలా చెప్పిందండీ ఆవిడ?" అన్నాడు వాడు. 

ఖర్చుల పుస్తకంలో అంకెలు దిగుతున్నాయి. నర్సు గుండెలో దడ మాత్రం పెరుగుతోంది. ఆవిడ ఒక్కనాడూ తనవైపు తిరగలేదు. రోడ్డూ చూడదు. అయినా గతుకు ఇంకా పది గజాల దూరంలో ఉండగానే "మెల్లగా" అంటుంది.

ఒకరోజు నర్సుకి రెండు గంటలు ఆలస్యమైంది. మూలమీద ముసలావిడ ఇంకా నిలబడే ఉంది, రోడ్డుకి వీపు పెట్టి. ఆటోలు వెళ్ళాయి, ఒక లారీ వెళ్ళింది. ఆవిడ కదల్లేదు.

నర్సు కారు వెనకనుంచి వచ్చింది. పిల్లి అడుగంత చప్పుడు కూడా లేదు.

ఆవిడ చెయ్యి లేచింది.

నర్సు ఆపలేదు. అద్దంలో చూస్తే, మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి అలా లేచే ఉంది.

"బాగుంది! దెయ్యాలు కూడా పెట్రోలు మానేశాయన్నమాట" అని, అంతా విన్న భర్త పగలబడి నవ్వాడు.

"నవ్వకండి. రేపట్నుంచి నేనా దారిన పోను."

అన్నట్టే చుట్టుదారి పట్టింది. ఇంతలో వానలు పట్టుకున్నాయి. కాలు తీసే పద్ధతి మాత్రం కాలికి అలవాటైపోయింది. నెలాఖరుకి లెక్క తేలింది. ఖర్చు స్కూటరు కంటే తక్కువ. భర్త ఆ పుస్తకం రెండుసార్లు తిరగేసి, "సరే, ఉంచుకో" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే డాక్టరు ఫోను చేశాడు. "పెద్దావిడ. న్యుమోనియా. ఆసుపత్రికి రానంటోందట. పూటపూటా ఇంజెక్షను వెయ్యాలి. పల్లం కింద పచ్చగేటు."

దెయ్యాలకి న్యుమోనియా వస్తుందా?  అయినా నర్సు పాతదారినే వెళ్ళింది. మూలమీద ఎవరూ లేరు.

కోడలు తలుపు తీసింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నర్సుగారా? అరగంటైందండీ, పోయి."

నర్సు సంచీ గడప పక్కన పెట్టింది.

"వానలో వద్దంటే విన్లేదండీ. గోడ తడుముకుంటూ రోజూ ఆ మూలకి పోయేది. పోయినేడే రెండు కళ్ళూ పూర్తిగా పోయాయి."

"కళ్ళు... కనపడవా?"

"చీకటేనండీ. కానీ ఆ బండి వస్తే తనకి తెలుస్తుందనేది. వెనక తలుపు లోపల ఎప్పుడో పడిపోయిన గోలీ దొర్లుతుందట. మాకెవ్వరికీ ఏనాడూ వినపడలేదు. 'నర్సమ్మ సెలవు పెట్టి ఉంటుంది, రేపు తప్పకుండా వస్తుంది' అనేది. నిన్న జ్వరంలో కూడా అదే మాట."

 నర్సు తల ఎత్తలేక ఎత్తింది.

గోడమీద ఫొటోలో ఉన్నది, తలుపు మీది సొట్టతో సహా, తన కారే. వెనక కిటికీలోంచి గుప్పెడు గోలీలు చూపిస్తోంది ఓ చిన్నపిల్ల, స్టీరింగు ముందు కళ్ళు విప్పార్చుకుని నవ్వుతోంది ముసలావిడ, నర్సు కొనకముందు ఆ బండిని ఆరేళ్ళు నడిపిన మనిషి.