బదులుమనిషి

కొమురెల్లి భార్య లచ్చవ్వ శవం ఇంటి ముందర ఉంది. పసుపు పూసి తానం పోయాల్సింది కన్నబిడ్డే. రజితకు ఫోన్ చేస్తే ప్రతిసారీ ఆమె బదులుమనిషే ఎత్తుతోంది. అందుకే కొమురెల్లి పట్నం వచ్చి, యూనివర్సిటీ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర నిలబడ్డాడు. చదువుకునే బిడ్డ ఈ దారిన రాకుండా ఎట్లా పోతుంది అనుకున్నాడు.

రైలు దిగినవన్నీ బదులుమనుషులే. గదుల్లో పడుకున్న పిల్లల తరఫున క్లాసులో కూచునే యంత్రాలు. పిల్లల మొహాలు, పిల్లల బట్టలు, భుజాన సంచులు. ఒక్కదానికీ చెమట లేదు.

“ఈడ అసలు పిల్లలు దిగరా?” అని ఊడ్చే ఆమెను అడిగాడు.

“ఏ కాలంల ఉన్నవే పెద్దయ్యా? నా చీపురుకు చాక్లెట్ కాయితం తగిలి ఏండ్లయింది.”

అంతలో రజిత మొహం కనిపించింది. “నాయినా” అంది. గొంతు కూడా రజితదే.

“అమ్మ పోయింది. నువ్వు గాదు, నా బిడ్డ రావాలె. దానికి చెప్పు.”

అది కాసేపు రెప్ప వేయలేదు. తర్వాత సంచి కింద పెట్టి, అతని భుజం మీద పడి వెక్కివెక్కి ఏడ్చింది. కొమురెల్లి చెయ్యి తెలియకుండానే దాని వీపు మీదికి పోయింది.

“బిడ్డకు చెప్పినవా?”

“చెప్పిన నాయినా. నన్నే పోయి ఏడ్చి రమ్మన్నది.”