ఒక్క గుక్క

భార్య కొండలమ్మ కొబ్బరినీళ్ళ గ్లాసు మళ్ళీ ఎత్తేసరికి కాశీరావుకు వణుకు పుట్టింది.

ఇందాక ఆమె పట్టిన గుక్క గొంతు దిగకుండా ఎటో పోయింది. ఊపిరి ఆగి, ఎలాగో తిరిగొచ్చింది. కొల్లేట్లో పడవ బోల్తాపడ్డ రోజు కూడా అంత భయపడలేదతను. బెజవాడ ఆసుపత్రిలో పొద్దున్నే ఐసీయూ నుంచి ఈ రీహాబ్ వార్డుకు మార్చారు. కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలో లేవు. సెలైన్ సూది కదులుతుందని ఎడమ చేతిని కొడుకు మణికుమార్ పట్టుకు కూర్చున్నాడు.

"వద్దే. గొంతుకు అడ్డం పడుతోంది. నర్సమ్మను పిలు," అన్నాడు కాశీరావు.

కొండలమ్మ నవ్వింది. "రేపెందుకు మావా, ఇప్పుడే తాగెయ్. నీరసపడిపోయావు."

కాశీరావు తల తిప్పాడు. కొడుకు వైపు చూశాడు.

"నువ్వన్నా చెప్పరా. ఇంకో గుక్క పోస్తే నేను దక్కను."

"అట్టాగే నాన్నా. రేపు డాక్టర్ గారిని అడుగుదాంలే," అన్నాడు మణికుమార్, దుప్పటి సర్దుతూ.

వీళ్ళకేమైంది? ప్రాణం పోతుందంటుంటే ఈ మాటలేమిటి? ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాడు. పక్క మంచం ఆయన ఒకసారి చూసి, జాలిగా మొహం తిప్పుకున్నాడు.

గ్లాసు అంచు పెదవికి తగిలింది. కాశీరావు పళ్ళు బిగించాడు. నీళ్ళు గడ్డం మీదుగా మెడలోకి జారాయి.

"ఆపండమ్మా."

నర్సు రుచిత గుమ్మంలోంచి పరుగున వచ్చి గ్లాసు లాక్కుంది. మంచం తలవైపు పైకి లేపింది. వంగి, అతని గొంతు దగ్గర చెవి పెట్టి వింది.

"గొంతు గరగరలాడుతోంది, వినపడట్లేదా అండీ? మింగగలుగుతున్నారో లేదో మేం చూడకుండా చుక్క నీళ్ళు కూడా పొయ్యకూడదు. ఈ వార్డుకి ఎవరొచ్చినా ముందు చూసేది అదే. ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కడు."

"నాకు తెలవదమ్మా," అంటూ కొండలమ్మ నేల మీద కూలబడింది.

కాశీరావుకు కన్నీళ్ళు ఆగలేదు.

"మొదట్నుంచీ నేను మొత్తుకునేది అదేగా తల్లీ. నా మాట ఒక్కళ్ళూ వినరే."

రుచిత అతని ఎడమ చెయ్యి అందుకుని, కళ్ళలోకి చూస్తూ ఓపిగ్గా వింది.

పక్షవాతం వచ్చిన నాటి నుంచి కాశీరావు ఏం చెప్పబోయినా నోట వచ్చే ఆ ఒక్క మాటే ఆమెకూ వినిపించింది: "రేపు... రేపు... రేపు."