గుప్పిట్లో గుండీ

"ఈ మూడో భాగం కూడా మీరే రాశారా, ఇంకెవరికైనా అప్పజెప్పారా?"

అడిగిన లెక్కల మాస్టారు పుస్తకాన్ని బల్ల మీద దబ్బున పడేశారు. లైబ్రరీ హాల్లో సగం మంది నవ్వారు. మిగతా సగం ఆయన వంక కొరకొరా చూశారు.

రచయిత్రి కూడా నవ్వింది. పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టాక నవ్వక ఏం చేస్తుంది?

"మీకు నచ్చకపోతే మానేయండి," అంది ముందు వరసలోని నర్సు. "గుండీల మాయతో నడిచే రాజ్యం! ఇంతకుముందు ఎవరికైనా తట్టిందా? చొక్కా గుండీ తెంపి ఇష్టమైనవాళ్ళ చేతిలో పెడితే, వాళ్ళు గుప్పిట మూసి ఉంచినంతసేపూ ఇచ్చినవాడు ఎవరికీ కనపడడు. మళ్ళీ గుండీ కుట్టి తొడిగితేనే వెనక్కొస్తాడు. అబ్బ, ఏం ఊహండీ!"

"జిప్పులొచ్చాక ఆ రాజ్యం గతేంటట?" అంది ఒక కాలేజీ అమ్మాయి.

"మాయకేం, బాగానే ఉంది," అన్నారు మాస్టారు. "చివరికి అన్న తిరిగి రాడేంటండీ? మూడు పుస్తకాలుగా చెల్లెలు గేటు దగ్గరే నిలబడి ఉంది. తను నిలబడిందే కాక మమ్మల్నీ నిలబెట్టింది. కాళ్ళు పీకాయి."

హాలంతా గొల్లుమంది.

ఎలా వస్తాడో తెలిస్తే ఆవిడ రాయదూ?

ఆ చెల్లెలు ఆవిడే. అమ్మానాన్నలు గదిలో అరుచుకుంటుంటే, మెట్ల కింద అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆడుకున్న ఆటే ఆ గుండీల మాయ. చివరికి అమ్మ వాటాకి ఈవిడ, నాన్న వాటాకి అన్నయ్య వచ్చారు. కారెక్కే ముందు అన్నయ్య చొక్కా గుండీ కొరికి తెంపి చెల్లెలికిచ్చాడు. కారు మలుపు తిరిగేదాకా చెల్లెలు గేటు దగ్గర నిలబడింది. ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క కేక వేయలేదు. పిల్లది మొండిఘటం అనుకున్నారు అందరూ.

ఆ తర్వాత అన్నయ్య జాడ లేదు. పేరు మార్చారో, ఊళ్ళు మారారో. ఎక్కడో ఒకచోట ఈ పుస్తకం అతని కంటపడితే చాలునని మూడు భాగాలు రాసింది. పేరు వచ్చింది, తిట్లు వచ్చాయి. రావలసిన మనిషి మాత్రం రాలేదు. ఎక్కడ సభ పెట్టినా వెళ్తుంది, ముందు కనుబొమలే వెతుకుతుంది. మెట్ల మీంచి పడి అన్నయ్యకి ఎడమ కనుబొమ చీలింది మరి.

ఇవాళ మూడో వరసలో ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఎడమ కనుబొమ మీద గాటు.

అప్పుడే ఆఖరి వరసలో ఒక బట్టతల పెద్దమనిషి లేచాడు. ముఖంలో సగం లావుపాటి కళ్ళద్దాలే.

"గుండీ గుప్పిట్లో కాదు కదమ్మా? నాలుక కింద కదా పెట్టుకోవాలి? తీసేదాకా నోరు విప్పకూడదు. అదీ నియమం."

"నాలుక కింద పెట్టుకోడానికి గుండెనొప్పి మాత్రేంటండీ?" అంది నర్సు. మళ్ళీ నవ్వులు.

ఆవిడ చూపు మూడో వరస మీదే ఉంది.

"నా మాయకి నియమాలు పెట్టేది నేనేనండీ," అంది.

చప్పట్లు మోగాయి. పెద్దమనిషి కూర్చున్నాడు.

సభ ముగియగానే గాటు మనిషి గుమ్మం వైపు నడిచాడు. ఆవిడ గబగబా వెనకే బయల్దేరింది. దారిలో బట్టతల పెద్దమనిషి అడ్డం తగిలాడు.

"ఒక్క మాటమ్మా. ఆ అన్న నిజంగా తిరిగొస్తే, చెల్లెలు గుర్తుపడుతుందా?"

"ఎందుకు పట్టదండీ? ఇట్టే గుర్తుపడుతుంది. కొంచెం దారిస్తారా?"

ఆయన ఆవిడ ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు.

"అలాగేనమ్మా," అని పక్కకి జరిగాడు.

గాటు మనిషి మెట్ల దగ్గర దొరికాడు.

"ఇదా? సైకిల్ మీంచి పడ్డానండీ, మొన్న మొన్ననే. మా ఆవిడని దింపడానికొచ్చి ఇరుక్కుపోయాను. పుస్తకాలంటే నాకు పడదు, ఏమీ అనుకోకండి."

ఆవిడ ఏమీ అనుకోలేదు. ఇది అలవాటే. బ్యాగు తీసుకుందామని నెమ్మదిగా హాల్లోకి వచ్చింది.

లైబ్రేరియన్ కుర్చీలు సర్దుతోంది.

"అందరూ తలో మాటా అన్నారు గానీ మేడమ్, ఆ 'నాలుక కింద' పెద్దాయన మాటే అర్థం కాలేదు. మూడు భాగాలూ రెండేసి సార్లు చదివాను, ఆ ముక్క ఎక్కడా లేదే! ఎక్కడ చదివాడంటారు?"

బ్యాగు అందుకోబోయిన చేయి ఆగిపోయింది.

ఎక్కడా చదవలేదు. పిల్లలు నిజంగానే నోట్లో పెట్టుకుని మింగుతారేమోనన్న భయంతో, మొదటి పేజీ మొదలుపెట్టకముందే, ఆటలో నాలుక కింద పెట్టుకున్న గుండీని ఆవిడ గుప్పిట్లోకి మార్చేసింది. ఆ సంగతి ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

ఆ రోజు గేటు దగ్గర ఎందుకు అరవలేదో కూడా ఎవరితోనూ అనలేదు.

పరుగెత్తింది. మెట్లు, గేటు, రోడ్డు. ఎదురుగా బస్సొకటి మలుపు తిరుగుతోంది. కిటికీ పక్కన ఎవరో కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

పిలుద్దామంటే, నోట్లో ఏమీ లేకపోయినా, మాట పెగల్లేదు.

నియమాలు పెట్టేది నేనేనని అంతమందిలో గొప్పగా చెప్పింది గానీ, మెట్ల కింద ఆ నియమం పెట్టింది అన్నయ్య.