బావగారి సాక్ష్యం

విచారణ మొదలై అరగంటైనా కాలేదు, డ్రైవర్ కసోండే చొక్కా అప్పుడే వీపుకు అతుక్కుపోయింది. అక్కడ నడివేసవైన అక్టోబరు ఎండ ఒకటి, ఎదురుగా బల్ల వెనక కూర్చున్న విచారణాధికారి ముసొండా మేడమ్ ఒకటి. తప్పు నీదేనని ఆవిడ ఒక్క ముక్క రాస్తే ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం ఈ పూటే ఊడుతుంది.

పోయిన మంగళవారం అతని గూడ్సుబండి కాతెంబో మలుపులో పట్టాలు తప్పింది. ఎనిమిది వ్యాగన్లు పక్కకి ఒరిగాయి. దేవుడి దయ వల్ల ఒక్క మనిషికీ గీత పడలేదు. మొక్కజొన్న మాత్రం మోకాటి లోతున పారింది. పోలీసులు వచ్చేలోపు ఊళ్ళో ఆడవాళ్ళు బేసిన్లతో, దుప్పట్లతో, ఒకావిడైతే బూరెల మూకుడుతో కూడా ఎత్తుకుపోయారు. వారం రోజులుగా ఏ ఇంట్లో చూసినా మొక్కజొన్నపిండి న్షిమా ముద్ద ఉడుకుతూనే ఉంది. కడుపు నిండిన ఆ జనమంతా ఇప్పుడు స్టేషను హాల్లోనే ఉన్నారు.

తేలాల్సింది ఒక్కటే. బండి ఎందుకు పడింది?

ఇంజన్లో వేగం రాసే పెట్టె పాడై ఏడేళ్ళయింది. సహాయ డ్రైవరు మలేరియాతో ఆ రోజు రానే లేదు. మిగిలిన సాక్షి ఒక్కడే, పట్టాలు చూసుకునే గ్యాంగుమన్ జెరే.

జెరే లేచి బైబిలు మీద చెయ్యేశాడో లేదో, జనంలో నవ్వులు మొదలయ్యాయి. కసోండే బెంబా తెగ మనిషి, జెరే న్గోని తెగ మనిషి. వాళ్ళ ముత్తాతలు యుద్ధాలు చేసుకున్నారు కాబట్టి అక్కడి ఆచారం ప్రకారం వీళ్ళు వరసకి బావలు. ఒకరినొకరు ఎంత మాటైనా అనొచ్చు. కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు.

"మేడమ్! ఈయన బెంబావాడు. కోతి కనిపిస్తే లోకం గుర్తుండదు. మలుపు దగ్గర ఇరవైలో వెళ్ళాలని బోర్డుందా? ఈయన అరవైలో వచ్చాడు. ఎందుకనీ? ఇంజన్లోకి కోతి దూకింది!"

హాలు గొల్లుమంది.

"నవ్వకండ్రా, పూర్తిగా వినండి! దాని చేతిలో ఈయన భోజనం డబ్బా. అటు అది లాగుతోంది, ఇటు ఈయన లాగుతున్నాడు. 'వదలవే, అందులో ఎండుచేప ఉంది' అని ఒకటే అరుపు. ఇక బ్రేకు ఎవడికి కావాలి? నేను ఎర్రజెండా ఊపితే నా వైపు చూసింది కోతే మేడమ్, ఈయనకి తీరికేదీ!"

మేడమ్ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. ఆవిడా బెంబా ఆడపడుచే. ఊరుకుంటుందా?

"మావాళ్ళు కోతి దొరికితే బండి ఆపి పొయ్యి రాజేస్తారు గానీ, డబ్బా కోసం కొట్లాడతారటయ్యా?"

కసోండే అందరికంటే గట్టిగా నవ్వాడు. మెడ మీద చెమట తుడుచుకుంటూ లేచాడు.

"ఈ న్గోని బావలు ఎలుకల కోసం పట్టాల కింద కన్నాలు తవ్వి కాల్చుకు తింటుంటే, మలుపు కుంగక ఏమవుతుంది మేడమ్!"

ఈలలు, చప్పట్లు. ఒక ముసలావిడ లేచి రెండడుగులు చిందు కూడా వేసింది.

గుమస్తా కలం పట్టుకుని దిక్కులు చూశాడు. "మేడమ్, కోతి సంగతి రాయమంటారా?"

"కొట్టెయ్యవయ్యా. వాళ్ళిద్దరూ బావలు. రేపు ఈయన పోతే ఆయనే వచ్చి, పడుకుంది చాల్లే, లేచి బస్తాలు మొయ్యమని శవాన్ని తిడతాడు. అదీ ఒక సాక్ష్యమేనా?"

ఆవిడ గొంతు సవరించుకుని చెప్పింది, అతను రాశాడు. ఎండ తీవ్రతకు పట్టా ఉబ్బి మలుపులో వంకర తిరిగింది. డ్రైవరు తప్పు ఏమీ లేదు.

బయటికొచ్చాక కసోండే సంతోషం పట్టలేక ఎదురొచ్చిన ప్రతివాడి చెయ్యీ ఊపాడు. తర్వాత జెరేని నీళ్ళ ట్యాంకు చాటుకి లాక్కుపోయి భుజాలు పట్టుకుని కుదిపేశాడు.

"గుండె ఆగినంత పనైంది కదరా! నేను చెప్పమన్నదేమిటి, నువ్వు చెప్పిందేమిటి?"

"బైబిలు మీద చెయ్యేసి అబద్ధమాడలేను బావా, అందుకే చూసింది చూసినట్టు చెప్పేశాను."